పొరుగువాడు గోడ లేపితే: ఫిర్యాదుదారు, ఖాజీ, తాపీ మేస్త్రీ

పొరుగువాని హక్కులను గురించి మన జుమా ప్రసంగాలలో వినవచ్చే మాటలు చాలావరకు ఆహారానికి, ఆదరణకు సంబంధించినవై ఉంటాయి. పొరుగువాడు పస్తు పడుకోగా తాను కడుపునిండా తిన్నవాని విశ్వాసం ఎటువంటిదన్న హెచ్చరిక, కూరలో మరికాస్త నీళ్ళు పోసి పక్కింటికీ పంపమన్న ఉపదేశం మనకు కంఠోపాఠం. అదే పొరుగువాడు ఉన్న ఇంటి మీద మరో అంతస్తు వేసి, మన పెరట్లోకి కిటికీ తెరిచినప్పుడు ఏం చేయాలన్న ప్రశ్నకు మాత్రం మింబర్ మీది నుంచి సాధారణంగా జవాబు రాదు. వచ్చినా, సహనం వహించమన్న మాటే వస్తుంది.

సహనం గొప్ప గుణమే, సందేహం లేదు. అయితే ఫిఖ్‌హ్ పండితులు ఈ విషయాన్ని సహనానికి వదిలిపెట్టి ఊరుకోలేదు. గోడలు, కిటికీలు, పొగ, మురుగునీరు, దుర్వాసన, మరల అదురు – వీటి గురించి వారు ప్రత్యేక అధ్యాయాలు వ్రాశారు, కొందరు ప్రత్యేక గ్రంథాలే వ్రాశారు. ఆ అధ్యాయాలు చదివినవానికి ఒక సంగతి స్పష్టంగా గోచరిస్తుంది. షరీఅత్ న్యాయస్థానం ఫిర్యాదు చేసే పొరుగువాని మాట విన్నది. కాని విన్నంత మాత్రాన అతని పక్షం వహించలేదు. “నీకు కలిగిన హాని ఏది? చూపించు” అని అడిగింది. చూపలేనివాణ్ణి ఇంటికి పంపింది. ఈ రెండో సగం మనలో చాలామందికి తెలియదు. తెలియకపోవడం వల్ల నేడు ఇటు ఫిర్యాదు చేసేటప్పుడు, అటు ఫిర్యాదుకు గురైనప్పుడు కూడా మనం పొరపడుతున్నాం.

ముందుగా పదం విషయం ఒకటి. ఉర్దూలో పొరుగువాణ్ణి ‘హమ్‌సాయా’ అంటాం. ఫార్సీ నుంచి వచ్చిన ఈ మాటకు ‘ఒకే నీడను పంచుకున్నవాడు’ అని అర్థం. అరబీలోని ‘జార్’ అన్న మాటకు పొరుగువాడన్న అర్థంతో పాటు శరణు పొందినవాడు, శరణు ఇచ్చినవాడు అన్న అర్థాలూ ఉన్నాయి. తెలుగులో ఇరుగు, పొరుగు అన్నవి కేవలం దిక్కు చెప్పే మాటలు. కనుక అనువాదంలో ఈ ఛాయలు జారిపోతాయి. తమాషా ఏమంటే, నీడను పంచుకున్న హమ్‌సాయాలు న్యాయస్థానానికి ఎక్కినది తరచుగా ఆ నీడ గురించే: వాని గోడ నీడ నా వాకిట్లో పడుతున్నదని, నా ఎండ పోయిందని.

ఇస్లామీయ చరిత్రలో పొరుగింటి నిర్మాణంపై వచ్చిన తొలి అభ్యంతరాలలో ఒకటి ఈజిప్టులోని ఫుస్తాత్‌లో జరిగింది. హజ్రత్ అమ్ర్ బిన్ ఆస్ (రజి) ఈజిప్టును జయించిన పిమ్మట, హిజ్రీ 21 (క్రీ.శ. 641–42) ప్రాంతంలో వెలసిన నగరం అది. సైనికులకు తెగలవారీగా స్థలాలు పంచి ఇచ్చారు. ఇళ్ళన్నీ ఒక అంతస్తువే. హజ్రత్ ఖారిజా బిన్ హుజాఫా (రజి) తన ఇంటిపై ఒక మేడగది కట్టారు. మేడపై నుంచి పొరుగువారి గుట్టు కనిపిస్తుందన్న సంగతి మదీనా దాకా వెళ్ళింది. తొమ్మిదవ శతాబ్దపు చరిత్రకారుడు ఇబ్నె అబ్దుల్ హకమ్ తన ఈజిప్టు విజయాల చరిత్రలో ఈ ఉదంతాన్ని నమోదు చేశారు.

ఖలీఫా హజ్రత్ ఉమర్ (రజి) పంపిన ఉత్తరువు గమనించదగినది. గదిని వెంటనే కూల్చమని ఆయన వ్రాయలేదు. ఊరుకోమనీ వ్రాయలేదు. ఆ గదిలో ఒక మంచం వేయించు, దానిపై మరీ పొడవూ మరీ పొట్టీ కాని మనిషిని నిలబెట్టు, వాడికి కిటికీలో నుంచి పొరుగిళ్ళు కనిపిస్తే గది కూల్చివేయి అన్నది ఆ ఉత్తరువు సారాంశం. అమ్ర్ (రజి) ఆ ప్రకారమే చేయించారు. మంచం మీద నిలబడిన మనిషికి కిటికీ అందలేదు. గది నిలిచింది.

ఈ చిన్న ఉదంతంలో తర్వాతి ఏడెనిమిది శతాబ్దాల విచారణ పద్ధతి అంతా ఇమిడి ఉన్నది. ఫిర్యాదు వచ్చింది, దాన్ని ఎవరూ తోసిపుచ్చలేదు. ఫిర్యాదుకు గురైనవారు ఈజిప్టు జైత్రయాత్రలో పాల్గొన్న సహాబీ. అయినా ఆయన హోదాను చూసి పరీక్షను తప్పించలేదు. పరీక్షకు కొలత సగటు మనిషి. నిచ్చెన వేసుకుని తొంగిచూడగలిగే దుర్మార్గుణ్ణి కొలతగా పెట్టలేదు. పరీక్షలో హాని తేలలేదు గనుక కట్టినవాని హక్కు నిలబడింది.

దైవప్రవక్త (సఅసం) కాలం నాటి తీర్పు మరొకటి అబూ దావూద్ హదీసు సంకలనంలో ఉన్నది. సముర బిన్ జుందుబ్ (రజి)కు ఒక అన్సారీ తోటలో ఖర్జూర చెట్టు ఉండేది. దాన్ని చూసుకోవడానికి ఆయన తోటలోకి వచ్చిపోతుండడం, ఇంటివారితో అక్కడ నివసించే అన్సారీకి ఇబ్బందిగా ఉండేది. ప్రవక్త (సఅసం) ముందు చెట్టు అమ్మమన్నారు. మరోచోట చెట్టుకు మార్చుకోమన్నారు. కానుకగా ఇచ్చివేయమన్నారు, పుణ్యం ఆశ చూపారు. సముర దేనికీ ఒప్పుకోలేదు. అప్పుడు మాత్రమే, నీవు హాని చేసేవాడివి అని చెప్పి, చెట్టు పెరికివేయడానికి అన్సారీకి అనుమతి ఇచ్చారు. తనకు చెట్టు మీద హక్కు లేదని కాదు. హక్కును పట్టుకుని మరొకణ్ణి బాధించడం, ఏ సర్దుబాటుకూ రాకపోవడం ఇక్కడి నేరం. తానుగా హాని చేయరాదు, హానికి హానితో బదులు ఇవ్వరాదు అన్న భావం గల ప్రసిద్ధ హదీసును పండితులు ఇటువంటి వ్యవహారాలన్నింటికీ మూలసూత్రంగా పెట్టుకున్నారు.

అయితే సూత్రం ఒకటే అయినా మజ్‌హబులు దాన్ని ఒకేలా నడిపించలేదు. హనఫీలమైన మనకు కొంత ఆశ్చర్యం కలిగించే విషయం ఏమంటే, ఈ వ్యవహారంలో అందరికంటే ఎక్కువగా ఇంటి యజమాని స్వేచ్ఛవైపు మొగ్గినవారు ఇమామ్ అబూ హనీఫా (రహ్మ). తన స్థలంలో తాను ఏం చేసుకున్నా న్యాయస్థానం అడ్డుకోరాదన్నది ఆయన మూల అభిప్రాయం. పన్నెండవ శతాబ్దపు హనఫీ పండితుడు కాసానీ దీన్ని వివరిస్తూ, ఖాజీ అడ్డుకోకపోయినా, పొరుగువాణ్ణి బాధించకుండా ఉండడం ధర్మరీత్యా అతని బాధ్యత అని చేర్చారు. అంటే అల్లాహ్ ఎదుట జవాబు చెప్పుకోవాలి, ఖాజీ ఎదుట కాదు.

ఇమామ్ గారి గురించి హనఫీ గ్రంథాలలో ఒక ముచ్చట ఉన్నది. ఒకతను వచ్చి, పొరుగువాడు తన ఇంటి పక్కనే బావి తవ్వాడని, దాని వల్ల తన గోడకు ముప్పు ఉందని మొర పెట్టుకున్నాడు. ఇమామ్ గారు బావి పూడ్పించాలని ఫత్వా ఇవ్వలేదు. నీ ఇంట్లో, ఆ బావికి దగ్గరగా, ఒక మురుగు గుంత తవ్వుకో అని సలహా ఇచ్చారు. అతను అలాగే చేశాడు. బావినీరు పాడైంది. పొరుగువాడు తన బావిని తానే పూడ్చుకున్నాడు. చదివి నవ్వుకోవచ్చు. కాని ఇరుకైన వీధిలో అందరూ ఈ సలహా పాటిస్తే వీధి ఏమవుతుందో తర్వాతి తరం హనఫీలు గ్రహించారు. అందుకే వారు ‘జరరె ఫాహిష్’ అన్న నియమం తెచ్చారు. హాని హద్దు మీరితే ఖాజీ జోక్యం చేసుకోవచ్చు, కొద్దిపాటి ఇబ్బంది అయితే కూడదు. ఈ మాటను కొందరు తెలుగులో ‘ఘోరమైన హాని’ అని అనువదిస్తారు. నాకు అది నచ్చదు. ‘ఫాహిష్’లో ఘోరం కంటే హద్దు దాటడం ప్రధానం. ‘మితిమీరిన హాని’ అంటే అసలుకు దగ్గరగా ఉంటుంది.

మాలికీల తోవ వేరు. మదీనా నుంచి ఉత్తరాఫ్రికాకు, అందలూస్‌కు వ్యాపించిన ఆ మజ్‌హబ్ మొదటినుంచే పొరుగు హానిని ఖాజీ పరిధిలోకి తెచ్చింది. నేటి స్పెయిన్ ఉత్తర భాగంలోని తుతీలా నగరవాసి ఈసా బిన్ మూసా (మరణం హిజ్రీ 386, క్రీ.శ. 996) గోడల గురించి, పొరుగు హాని నివారణ గురించి ఒక పూర్తి గ్రంథం వ్రాశారు. ఈ వరుసలో అందరికంటే ఆసక్తికరమైన రచయిత మాత్రం తూనిస్ నగరానికి చెందిన ఇబ్నుర్రామీ.

ఆయన పూర్తి పేరు ముహమ్మద్ బిన్ ఇబ్రాహీం లఖ్మీ. ‘బన్నా’ అన్నది ఆయన పేరుకు అంటుకున్న బిరుదు. తాపీ మేస్త్రీ అని అర్థం. క్రీ.శ. 1334 (హిజ్రీ 734)లో మరణించారు. తూనిస్ ప్రధాన ఖాజీ ఇబ్నె అబ్దుర్రఫీ, కట్టడాల తగాదా వచ్చినప్పుడల్లా స్థలం చూసి రమ్మని ఈయనను పంపేవారు. అలా చూసి వచ్చిన వ్యవహారాలను, వాటికి వర్తించే మాలికీ అభిప్రాయాలను కలిపి ఆయన ‘అల్ ఇఅలాన్ బి అహ్‌కామిల్ బున్యాన్’ అనే గ్రంథం కూర్చారు. కట్టడాల నియమాల ప్రకటన అని చెప్పుకోవచ్చు. మన గ్రంథ చరిత్రలో తాపీ చేతబట్టినవాడు ఫిఖ్‌హ్ గ్రంథకర్త కావడం అరుదు. మదర్సాలో చదివినవాడు గోడ బీటను గురించి వ్రాయడానికీ, ఆ గోడ కట్టే పని చేసినవాడు వ్రాయడానికీ ఉన్న తేడా ఆ పుస్తకంలో పుటపుటకూ తెలుస్తుంది.

ఇంటి పక్కన పశువులతో తిప్పే తిరుగలి మర పెడితే గోడ అదురుతుందని ఫిర్యాదు వచ్చిందనుకోండి. మర యజమాని అదరడం లేదంటాడు, పొరుగువాడు అదురుతున్నదంటాడు. ఖాజీ ఎవరి మాట నమ్మాలి? ఇబ్నుర్రామీ ఒక పరీక్ష చెబుతారు. ఒక కాగితం తీసుకుని నాలుగు మూలలా దారాలు కట్టి, ఫిర్యాదుదారుని ఇంట్లో, మరకు ఆనుకున్న గోడ వైపున కప్పు నుంచి వేలాడదీయాలి. కాగితం మీద ఎండు ధనియాలు పోయాలి. ఇప్పుడు మరను తిప్పమనాలి. ధనియాలు కదిలితే మరను అక్కడి నుంచి తీసివేయాలి. కదలకపోతే ఫిర్యాదుదారు ఊరుకోవాలి. పిడికెడు ధనియాలతో ఇద్దరి ప్రమాణాలూ, పెడబొబ్బలూ అనవసరమైపోయాయి.

పొగ విషయంలో మాలికీలు పొగనూ పొగనూ వేరు చేశారు. స్నానశాల నుంచి, రొట్టెల బట్టీ నుంచి నిరంతరం వచ్చే పొగ కొత్తగా పెట్టినదైతే ఆపించవచ్చు. ఇంటి వంటపొయ్యి పొగ మీద ఫిర్యాదు చెల్లదు, అది లేకుండా ఎవరికీ బ్రతుకు లేదు గనుక. తోళ్ళు పదును చేసే చోటి దుర్వాసనను హానిగానే లెక్కించారు. కిటికీ విషయంలో కొత్తదా పాతదా అన్నది ముఖ్యం. కొత్త కిటికీలో నుంచి పొరుగువారి ఇల్లు కనిపిస్తే మూయవలసిందే. మూయమని తీర్పు ఇచ్చినప్పుడు ఉత్త ఇటుకలు పేర్చి ఊరుకోకూడదు, గడప సైతం పెరికివేసి కిటికీ ఆనవాలు లేకుండా చేయాలని కొందరు పండితులు పట్టుబట్టారు. కారణం చాలా లౌకికమైనది. ఆనవాలు మిగిలితే పాతికేళ్ళ తర్వాత వాని కొడుకు వచ్చి, ఇదిగో ఇక్కడ మా తాతల నాటి కిటికీ ఉండేదని సాక్ష్యం చూపుతాడు!

ఎండ, గాలి మాత్రం వేరే లెక్కలోకి వచ్చాయి. నా గోడ లేపినందువల్ల నీ వాకిట్లోకి ఎండ రాకపోతే, గాలి తగ్గితే, అది ఫిర్యాదుకు తగిన హాని కాదన్నది మాలికీలలో ప్రబలమైన అభిప్రాయం. నాకు ఏ ఉపయోగమూ లేకుండా, కేవలం నిన్ను బాధించడానికే లేపితే అడ్డుకోవచ్చన్నవారు ఉన్నారు. ధాన్యం తూర్పారబట్టే కళ్ళానికి గాలి అడ్డగించడంపై అభిప్రాయభేదం ఉన్నది. ఆ గాలి మీద గింజ ఆధారపడి ఉన్నది గనుక.

నాటి నగరాలలో ముందుగా ప్లాను దాఖలు చేసి అనుమతి తీసుకునే పద్ధతి లేదన్నది ఇక్కడ గుర్తుంచుకోవాలి. గోడ లేస్తుంటేనే పొరుగువాడు లేచేవాడు. కనుక ఎప్పుడు లేచాడన్నది కూడా విచారణలో ఒక అంశం. పక్కవాడు పునాది తవ్వుతుంటే, గోడ కడుతుంటే, దూలాలు ఎత్తుతుంటే చూస్తూ ఊరుకుని, సంవత్సరాల తర్వాత ఫిర్యాదుతో వచ్చినవాని హక్కు ఏమవుతుంది? ఎన్నేళ్ళ మౌనాన్ని సమ్మతిగా తీసుకోవాలన్న దానిపై మాలికీలు తమలో తాము విభేదించారు. అయితే మౌనానికి ఒక ధర ఉందన్నది వారి చర్చ అంతటా కనిపిస్తుంది.

ఇబ్నుర్రామీ మరణించడానికి రెండేళ్ళ ముందు, 1332లో, అదే తూనిస్‌లో ఇబ్నె ఖల్దూన్ జన్మించారు. తన ప్రసిద్ధ ‘ముఖద్దిమా’లో భవన నిర్మాణ కళను గురించి వ్రాస్తూ ఆయన ఈ మేస్త్రీలను ప్రస్తావించారు. జనం క్రిక్కిరిసిన నగరాలలో ప్రజలు నేల కోసమే గాక పైనున్న గాలి కోసం కూడా పోట్లాడుకుంటారని, ఉమ్మడి గోడలు, దారులు, నీటి కాలువలు తగాదాలకు మూలమవుతాయని, అప్పుడు పాలకులు ఈ పనివాళ్ళ నైపుణ్యాన్నే ఆశ్రయిస్తారని ఆయన గుర్తించారు. అంత పెద్ద చరిత్ర తత్త్వవేత్త కంటికి ఇంత చిన్న సంగతి ఆనడం వింత కాదు. ఆయన చిన్ననాటి వీధులలో ఆ మేస్త్రీల తీర్పులు గోడలై నిలిచి ఉన్నాయి.

ఇప్పుడు ఈ వ్యాసంలో నాకు ముఖ్యమనిపించే ఫత్వాకు వస్తాను. ఖైరవాన్ ఖాజీగా పనిచేసిన ఇమామ్ సహ్నూన్ (మరణం హిజ్రీ 240, క్రీ.శ. 854) మాలికీ మజ్‌హబ్ స్తంభాలలో ఒకరు. మసీదులో ముఅజ్జిన్ అజాన్ కోసం పైకి ఎక్కినప్పుడు చుట్టుపక్కల ఇళ్ళ లోపలి భాగాలు కనిపిస్తున్నాయని, ఆ ఇళ్ళవారు అభ్యంతరం చెబుతున్నారని ఆయనకు నివేదించారు. సహ్నూన్ తీర్పు ముఅజ్జిన్‌కు వ్యతిరేకంగా ఉన్నది. ఎక్కకుండా అతణ్ణి ఆపాలన్నారు. కొన్ని ఇళ్ళు కాస్త దూరంగా ఉన్నప్పటికీ ఇది హానేనని, హానిని ప్రవక్త (సఅసం) నిషేధించారని కారణం చూపారు.

మసీదు అల్లాహ్ గృహం. అజాన్ ఇస్లాం చిహ్నం. అయినా ‘మసీదు’ అన్న పేరు చెప్పి పొరుగువాని ఫిర్యాదును నోరు మూయించడానికి ఆ మహనీయుడు అంగీకరించలేదు. మరో వైపు చూడండి. ఆయన మసీదునో, ఎక్కే చోటునో పడగొట్టమనలేదు, అజాన్ ఆపమనలేదు. హాని ఎక్కడుందో అక్కడికే తీర్పు పరిమితమైంది. ఎక్కడం వల్ల హాని, కనుక ఎక్కవద్దు. నేడు మన పట్టణాలలో మసీదు పైఅంతస్తు వేయబోయినప్పుడు, మదర్సా గది కట్టబోయినప్పుడు పొరుగువారి నుంచి అభ్యంతరాలు వస్తూనే ఉన్నాయి. వాటిలో కొన్ని కిటికీ గురించి, వాహనాలు నిలిపే చోటు గురించి, వాననీరు పోయే తూము గురించి వచ్చే మాటలు. వాటికి ఇబ్నుర్రామీ వంటివాణ్ణి పంపాలి, తూము మార్చాలి. మరికొన్ని మాత్రం కట్టేవారు ఎవరన్న దానిపై వచ్చే మాటలు. పాత ఖాజీ ఎదుట అటువంటి ఫిర్యాదు ఒక్క ప్రశ్నకు కూడా నిలవదు. ఈ రెంటినీ ఒకే గాటన కట్టి, అన్నింటినీ ద్వేషమని మనం కొట్టివేస్తే, మొదటి రకం పొరుగువానికి మనం అన్యాయం చేసినవాళ్ళమవుతాం.

ఇంత చెప్పిన తర్వాత మన చరిత్రలోని మరో పుటను దాచడం నిజాయతీ కాదు. ఇస్లామీయ రాజ్యంలోని జిమ్మీలు తమ ఇళ్ళను ముస్లిం పొరుగువారి ఇళ్ళకంటే ఎత్తుగా కట్టరాదన్న నియమం ఫిఖ్‌హ్ గ్రంథాలలో ఉన్నది. పదకొండవ శతాబ్దపు మావర్దీ దీన్ని ఐచ్ఛికమైన షరతులలో చేర్చారు. ఎత్తైన ఇల్లు కొనుక్కున్న జిమ్మీని అందులో ఉండనివ్వాలనీ చెప్పారు. ఇస్తాంబుల్‌లో 18వ శతాబ్దంలో ఇళ్ళ ఎత్తుపై వెలువడిన ఫర్మానులలో ముస్లింల ఇంటికి ఒక కొలత, ఇతరుల ఇంటికి అంతకు తక్కువ కొలత ఉండేది. ఈ నియమానికి కిటికీ కారణం కాదు, పొగ కారణం కాదు. ధనియాల పరీక్షకు ఇది నిలవదు. గొర్రె కోయించిన ప్రతిసారీ, యూదు పొరుగువారికి పంపారా అని అడిగిన హజ్రత్ అబ్దుల్లా బిన్ అమ్ర్ (రజి) ఆచరణ పక్కన దీన్ని పెట్టి చూస్తే, ఇది రాజ్యాధికారం నుంచి పుట్టిన నియమమే గాని పొరుగు హక్కు నుంచి పుట్టినది కాదని నా అభిప్రాయం. పండితులలో దీన్ని సమర్థించినవారు ఉన్నారు. ఆ సంగతి మరుగుపరచవలసిన పని లేదు.

చెదరి ఉన్న హనఫీ అభిప్రాయాలను ఒక చట్టం రూపానికి తెచ్చినది ఉస్మానియా సామ్రాజ్యం. అహ్మద్ జౌదత్ పాషా నాయకత్వంలోని సంఘం 1869 నుంచి 1876 వరకు ‘మజల్లా’ అనే 1851 నిబంధనల సంహితను వెలువరించింది. పొరుగు వ్యవహారాలు అందులో 1192వ నిబంధన ప్రాంతం నుంచి మొదలవుతాయి. మితిమీరిన హాని అంటే ఏమిటో అక్కడ నిర్వచించారు. ఇల్లు ఏ అవసరానికై కట్టారో ఆ మూల అవసరానికి అడ్డుపడేది, లేదా కట్టడాన్ని బలహీనపరచి కూలగొట్టేది. కమ్మరి కొలిమి, మర, నూనె గానుగ, గోడ పునాది మీద పోసే చెత్తకుప్ప – ఉదాహరణలు వరుసగా ఉన్నాయి. మాలికీలు భేదించిన కళ్ళపు గాలి కూడా ఇక్కడ హానుల జాబితాలోనే చేరింది.

వెలుతురు విషయంలో మజల్లా వేసిన గీత ఎంతో సున్నితమైనది. పొరుగు కట్టడం వల్ల గాలి తగ్గినా, దృశ్యం మూసుకుపోయినా, ఎండ రాకపోయినా అది మితిమీరిన హాని కాదు. వెలుతురు పూర్తిగా పోతే హాని. పూర్తిగా అంటే ఎంత? ఒకే కిటికీ ఉన్న గదిలో, ఆ కిటికీ మూసుకుపోయి, అక్షరాలు చదవలేనంత చీకటి కమ్మితే అంత. తలుపు తెరుచుకుంటే వెలుగు వస్తుంది కదా అన్న వాదన చెల్లదు, చలికి తలుపు మూయవలసి ఉంటుంది గనుక. గదికి రెండు కిటికీలుండి ఒకటి మూసుకుపోతే మాత్రం ఫిర్యాదు లేదు.

స్త్రీలు మసలే చోట్లు కనిపించడాన్ని మజల్లా మితిమీరిన హానిగానే పరిగణించింది. వంటిల్లు, నూతి చప్టా, లోగిలి అని పేర్లు పెట్టి మరీ చెప్పింది. అయితే దానికి విధించిన పరిష్కారం కట్టడాన్ని కూల్చడం కాదు. కనిపించకుండా గోడో, చెక్క తడకో కట్టించడం. కిటికీని బొత్తిగా పూడ్చివేయమని బలవంతం చేయరాదు. ఇక ముందు నుంచి ఉన్న ఇంటి కిటికీ ఎదుట తర్వాత వచ్చినవాడు ఇల్లు కట్టుకుని, నా జనానా కనిపిస్తున్నదని మొత్తుకుంటే, ఆ బాధను అతనే తీర్చుకోవాలి. తర్వాత వచ్చినవాడు అతనే గనుక. పాతదాన్ని పాతదిగానే ఉంచాలని ఒక సాధారణ సూత్రం, హాని ఎంత పాతదైనా హక్కు కాజాలదని దాని వెంటనే మరో సూత్రం ఈ సంహిత మొదటి పుటలలోనే ఉన్నాయి. ఈ రెంటి మధ్యనే ఖాజీ నడవాలి.

మన దేశంలో ఈ న్యాయం ఏమైంది? బ్రిటిషువారి న్యాయస్థానాలు ముస్లింల వివాహం, వారసత్వం, వక్ఫ్ వంటి వాటికి షరీఅత్‌ను పాటించాయి గాని, గోడలకు కిటికీలకు పాటించలేదు. పొరుగువానికి ముందుగా కొనే హక్కునిచ్చే షుఫా ఒక్కటి కొన్ని రాష్ట్రాలలో బ్రతికింది. వారు దాన్ని ముఖ్యంగా 1791లో వెలువడిన ‘హిదాయా’ ఆంగ్లానువాదం ద్వారా తెలుసుకున్నారు. చార్లెస్ హామిల్టన్ చేసిన ఆ అనువాదం అరబీ మూలం నుంచి కాక ఫార్సీ అనువాదం నుంచి జరిగిందన్నది మా వృత్తివారు మరచిపోలేని సంగతి. చెడ్డ పొరుగు రాకుండా ముందే చూసుకునే ఈ హక్కును మద్రాసు హైకోర్టు 1870లోనే నిరాకరించింది. అంటే కోస్తా, రాయలసీమ జిల్లాలలో అది అప్పుడే పోయింది. కేవలం పక్క ఇల్లన్న కారణంపై ఆధారపడిన షుఫా రాజ్యాంగానికి విరుద్ధమని 1962లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది.

కిటికీ మాటకు వస్తే, 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం ఇరవై ఏళ్ళు అడ్డులేకుండా అనుభవించిన వెలుతురుకూ గాలికీ రక్షణ ఇచ్చింది. ఇది మజల్లా పద్ధతికి దాదాపు తలక్రిందులు. అక్కడ చీకటి ఎంత అన్నది ప్రశ్న, ఇక్కడ అనుభవం ఎన్నేళ్ళు అన్నది ప్రశ్న. అదే చట్టంలోని 18వ సెక్షన్ ఆచారం ద్వారా వచ్చే హక్కులను అంగీకరించింది. ఒక పట్టణంలో, పొరుగువాని ఇంటి గుట్టు బయటపడేలా కొత్త కిటికీ తెరవకూడదన్న ఆచారం ఉంటే, ఆ ఆచారమే హక్కు అవుతుందని ఆ సెక్షన్ కింద ఒక ఉదాహరణ కూడా ఇచ్చారు.

ఉత్తరాదిన ఈ ద్వారం తెరుచుకున్నది. 1888లో అలహాబాద్ హైకోర్టు, పొరుగువాడు కొత్తగా కట్టిన వసారా, తలుపుల నుంచి జనానా కనిపిస్తున్నదన్న దావాలో, ఆ ప్రాంతంలో పరదా ఆచారం బలంగా ఉన్నది గనుక గోప్యత హక్కు ఉన్నదని నిర్ణయించింది. ఆ దావాలోని ఇరుపక్షాలవారూ హిందువులే! పరదా ముస్లింల సొంత వ్యవహారమని భావించేవారు ఈ సంగతి గమనించాలి. మద్రాసు హైకోర్టు మాత్రం 1860లలో ఒకసారి, మళ్ళీ 1890లలో ఒక ముస్లిం కుటుంబాల దావాలో, కిటికీ తెరవడం వల్ల గుట్టు బయటపడినా అది వ్యాజ్యానికి తగిన అపకారం కాదన్నది. ఇష్టం లేనివాడు తన స్థలంలో తాను అడ్డుగోడ కట్టుకోవచ్చునన్న ధోరణి. ఒకే సామ్రాజ్యం, రెండు హైకోర్టులు. గంగాతీరంలోని స్త్రీకి ఉన్న రక్షణ కృష్ణాతీరంలోని స్త్రీకి లేకపోయింది.

పురపాలక చట్టాలు వచ్చాక వ్యవహారం మళ్ళీ మారింది. ఇప్పుడు అడగవలసినది పొరుగువాణ్ణి కాదు, మునిసిపాలిటీని. ఎంత ఖాళీ వదలాలి, ఎంత ఎత్తు లేపవచ్చు అన్నవి అంకెలలో ఉన్నాయి. తెలంగాణలో 2020లో వచ్చిన చట్టం చిన్న స్థలాలలో యజమాని స్వయం ధ్రువీకరణ మీదనే కట్టుకోవడానికి వీలు కల్పించింది. 75 చదరపు గజాల లోపు స్థలంలో, 7 మీటర్ల ఎత్తు లోపు ఇంటికి రిజిస్ట్రేషన్ ఉంటే చాలునన్నది. లంచాల బెడద తగ్గడానికి ఇది మంచిదే. కాని పక్కింటివాడు నోరు విప్పడానికి ఒక ఘట్టమంటూ ఇందులో లేదు. అతను కూడా తూనిస్ పొరుగువానిలాగే గోడ లేస్తుండగా లేవవలసినవాడే. తేడా ఒక్కటే. అక్కడ ఖాజీ పంపిన మేస్త్రీ వచ్చి అతని వాకిట్లో నిలబడి చూసేవాడు. ఇక్కడ వచ్చే అధికారి టేపుతో కట్టడాన్ని కొలిచి, ప్లానుకు సరిపోయిందో లేదో చూసి వెళ్తాడు. ప్లానుకు పూర్తిగా సరిపోయిన కిటికీ, పక్కింటి నూతి చప్టాను పూర్తిగా చూడగలదు.

మన మహల్లా కమిటీల వద్దకు ఇటువంటి తగాదాలు రాకపోలేదు. అన్నదమ్ములు పంచుకున్న ఇళ్ళలో, ఒకే గోడకు అటూ ఇటూ ఉన్న కుటుంబాలలో ఇవి ఎక్కువ. కమిటీ పెద్దలు తీర్పు చెప్పే ముందు ఫిర్యాదుదారు ఇంటికి వెళ్ళి, అతని వాకిట్లో నుంచి పైకి చూశారా? పై గదిలోకి వెళ్ళి, సగటు మనిషి నిలబడే చోట నిలబడి కిందికి చూశారా? చాలాచోట్ల తీర్పులన్నీ కమిటీ గదిలోని చాప మీదనే జరిగిపోతున్నాయి. ఒక మేస్త్రీని వెంటబెట్టుకుని వెళ్ళి చూసిరావడానికి పూట సమయం చాలు. కిటికీ దిగువ అంచు నేలకు ఎంత ఎత్తున ఉంది, తడక ఎక్కడ కడితే చూపు ఆగుతుంది, ఆ తడక ఖర్చు ఎవరిది – ఈ మూడు తేలితే చాలా దావాలు సివిల్ కోర్టు గడప తొక్కవు. ఖర్చు ఎవరిదన్న ప్రశ్నకు మజల్లా జవాబు పైన చెప్పుకున్నదే: ముందు ఎవరు ఉన్నారో చూడండి.